మొదలు విడిచిన ఎద్దు

సుమారు పదేళ్ల కిందట, పడమటి కొండల సందులోంచి ఆడి నెల గాలి ఊపందుకున్న వారంలో, నన్ను తమిళనాట కంబం లోయలో చిన్నమనూరు పక్కనున్న ఒక ప్రభుత్వ పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ ఉన్నా ఆసుపత్రికి పెద్ద నేనే. నా కింద ఒక ఇన్‌స్పెక్టరు, ఒక అటెండరు, తలుపు సరిగ్గా పడని ఒక ఫ్రిజ్ ఉండేవి. మా శాఖలో పట్టా పుచ్చుకున్న ప్రతివాడూ ఈ మెట్టు మీదే కాలు పెడతాడు. కొందరు చకచకా పైకి పోతారు, కొందరం అక్కడే కూర్చుని గాలి పీల్చుకుంటాం. నేను చాలాకాలం గాలి పీల్చుకున్నవాణ్ణి.

మాది కోయంబత్తూరుకు తూర్పున చెరకు పండించే ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. ఈ తెలుగు అక్షరాలు నేను రిటైరయ్యాక కూర్చుని దిద్దుకున్నవి. అప్పట్లో మాట్లాడటం మాత్రమే వచ్చు, అదీ మా వైపు తెలుగు. కంబం లోయలో ఆ కాస్త తెలుగే నాకు పెద్ద సిఫార్సు అయింది. కొత్త డాక్టరు మన బాస మాట్లాడతాడట అని చుట్టుపక్కల ఊళ్లకు తెలిసిపోయి, జబ్బులేని పశువులను కూడా పలకరింపుగా తోలుకొచ్చేవారు.

అలా వచ్చినవాళ్లలో కొండ కింద ఊరి పూజారి బొమ్మయ్య తాత ఒకడు. ఆ ఊరంతా తెలుగువాళ్లే. వాళ్ల తెలుగు నాదానికంటే పాతది, అందులో తమిళం నాదానికంటే ఎక్కువ. ఊరికి ఒక తొళువు ఉంది. తొళువంటే పశువుల దొడ్డి. అయితే ఇది ఎవరి సొంతమూ కాదు, సామిది. అందులో ఆవులను పితకరు, వాటి పాలన్నీ దూడలకే. మగదూడలు కాస్త ఎదిగాక సాకడానికి ఊళ్లో ఇళ్లకు ఇస్తారు. మందకు ముందు నడవడానికి ఒక్క పట్టపు ఎద్దు ఉంటుంది. ఎండల్లో కొండెక్కడం, వానలకు దిగడం, లారీలు పరుగెత్తే రోడ్డు దాటడం, అన్నీ దాని వెనకాలే. అది నిలబడితే మంద నిలబడుతుంది, అది బెదిరితే మంద మొత్తం బెదురుతుంది. కాబట్టి పట్టం అనేది అలంకారానికి కాదు, ఉద్యోగం.

ఆ ఏడు పాత పట్టపు ఎద్దు ముసలితనంతో పోయింది. ఊరంతా తలస్నానం చేసి, పెద్దమనిషికి చేసినట్టే అన్నీ చేశారు. కొత్తదాన్ని నిలబెట్టాలి. అయితే అంతకుముందు నెలలోనే లోయలో గాలికుంటు తిరిగింది. నోట్లో, గిట్టల్లో పుండ్లు లేపే అంటుజబ్బు అది. అటువంటప్పుడు పశువులను ఒకచోట గుమిగూడ్చాలంటే డాక్టరు ప్రతిదాన్నీ చూసి ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వాలి, ఆ రోజు డాక్టరు అక్కడే ఉండాలి. తాత నా దగ్గరకు వచ్చింది అందుకు.

"ఎద్దును ఎవరు ఎంచుతారు తాతా, కమిటీనా?" అని అడిగాను.

"కమిటీ టీ తాగేదానికి," అన్నాడు తాత. "ఎంచేది సామి."

మరునాడే తిరుప్పూరు నుంచి ఒక పెద్ద కారు, దాని వెనక ఒక మినీ లారీ వచ్చి ఆసుపత్రి ముందు ఆగాయి. కారులోంచి గోవిందసామి దిగాడు. ఆ ఊరివాడే. చిన్నప్పుడే వెళ్లి బనియన్ల కంపెనీలో చేరి, ఇప్పుడు సొంతంగా ఎగుమతి చేస్తున్నాడు. మల్లెపువ్వులాంటి చొక్కా, నోటినిండా నవ్వు. మంచి మనిషి కూడా, ఆ మాట ముందే చెప్పాలి. లారీలోంచి కాంగేయం జాతి కోడె దిగింది. నేను నా సర్వీసులో చాలా కోడెలను చూశాను, అంత అందమైనదాన్ని చూడలేదు. తెల్లటి ఒళ్లు, ఎత్తైన మూపురం, గీత గీసి పెంచినట్టున్న కొమ్ములు. సుడులు చూసేవాళ్లు వంక పెట్టడానికి ఒక్క సుడి కూడా తప్పుచోట లేదు. ప్రదర్శనల్లో నిలబెట్టడానికే పెంచిన పశువు. తొళువుకు దానం ఇస్తున్నాడట.

"ఎంత లచ్చణముగా ఉండాది చూడండి సార్!" అన్నాడు గోవిందసామి.

మా వృత్తిలో లక్షణం అంటే జబ్బు గుర్తు. ఆ మాట వినగానే నా చెయ్యి దానంతటదే థర్మామీటరు వైపు పోయింది. పళ్లు చూశాను, వయసు సరిపోయింది. కనురెప్పల లోపలి రంగు, గుండె, ఊపిరి, గిట్టల సందులు, నడక, అన్నీ చూశాను. చూలు నిలవకుండా చేసే జబ్బు ఉందేమోనని రక్తం తీసి జిల్లా ల్యాబుకు పంపాను. చూసినంతలో అన్నీ బాగానే ఉన్నాయి, ల్యాబు జవాబు కూడా తరువాత బాగానే వచ్చింది. గోవిందసామి మనుషులు అప్పటికే ఊరి మలుపులో ఫ్లెక్సీ కట్టేశారు. దాని మీద కోడె బొమ్మ పెద్దది, సామి బొమ్మ చిన్నది.

ఆ రోజు సాయంత్రం ఎర్రక్క వచ్చింది. ఎర్రక్క ద్రాక్షతోటల్లో కూలికి పోయే మనిషి. భర్త పోయాక అన్న ఇంట్లో ఉంటోంది. ఆమె వెనక తాడు లేకుండా ఒక ఎర్రమచ్చల కొండజాతి కోడె నడిచి వచ్చింది. పొట్టిది. కడుపు కాస్త జారింది. కొమ్ము ఒకటే ఉంది, రెండోది మొదట్లోనే విరిగి మానిపోయింది. తొళువులో పుట్టినప్పుడే తల్లి చచ్చిపోతే ఎర్రక్క సీసాతో పాలు పట్టి సాకిందట. పేరు ఒంటికొమ్మోడు.

"కొమ్ము ఎట్లా పోయింది?" అని అడిగాను. ఏదో చిరుతపులితో పోరాడిన కథ వస్తుందని సిద్ధపడ్డాను.

"దొంగతనానికి పోయి," అంది ఎర్రక్క. "పక్కతోటలో ద్రాక్షపందిరి కింద దూరినాడు. పందిరి మోసే రాతికూసానికి కొమ్ము ఇరుక్కొని, పెరుకుతే పాయె."

అసలు సంగతి నెమ్మదిగా చెప్పింది. పట్టం దొరికిన ఎద్దు తొళువుకు పోతుంది, దానికి సామి మేత. దొరకని కోడెను సాకినవాళ్లు ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఊళ్లో దున్నేదంతా ట్రాక్టర్లు, ఎద్దుతో ఎవరికీ పనిలేదు. ఒంటికొమ్మోడికి పట్టం రాకపోతే మరుసటి సంతకు కేరళ లారీ ఎక్కిస్తానని అన్న చెప్పేశాడు. ఘాట్ రోడ్డు దాటిన ఎద్దు ఏమవుతుందో లోయలో పిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు కమిటీవాళ్లు, అంగలోపమున్న పశువును సామి ముందు నిలబెట్టకూడదంటున్నారు.

"వీనికి సీకు ఉండాదా లేదా, అది మట్టుం చెప్పండి సారు," అంది. "అందము నేను అడగలా."

సీకంటే జబ్బు. ఇది నిబంధనల ప్రకారం చాలా తేలికైన ప్రశ్న. విరిగి మానిన కొమ్ము పాత గాయం, జబ్బు కాదు. మా ధ్రువపత్రంలో జబ్బుకు చోటుంది, అందానికి లేదు. కాంగేయం కోడెను చూసినట్టే దీన్నీ పళ్ల నుంచి గిట్టల దాకా చూశాను, రక్తం తీశాను. ఒంటికొమ్మోడు అంతసేపూ కదలకుండా నిలబడి, నేను వంగినప్పుడు నా జేబులోని రుమాలు తినేశాడు. ల్యాబు జవాబు వచ్చాక, ఆరోగ్యంగా ఉంది అని రాసి సంతకం పెట్టాను. కమిటీవాళ్లు ముఖం ముడుచుకున్నారు గాని సర్కారు ముద్రను ఏమనగలరు?

ఎన్నిక రోజున పొద్దున్నే తొళువు దగ్గరకు వెళ్లేసరికి తగవు పాకాన పడి ఉంది. పోటీలో ఉన్న కోడెలు రెండే. వాటిలో దేన్ని ముందు వదలాలన్నదే తగవు. ఎందుకంటే పట్టం కట్టేటప్పుడు పూజారి చెప్పే పాతమాట ఒకటి ఉంది: మొదలు విడిచిన ఎద్దుకే పట్టం. అంటే, మొదట వదిలినదానికే పట్టం. దానం ఇచ్చినవాడిదే ముందు వదలాలని గోవిందసామి మనుషులు, తొళువులో పుట్టినదానికే మొదటి మర్యాదని మిగతావాళ్లు. చీట్లు వేద్దామని ఒకరు, సామి దగ్గర రెండు రంగుల పూలు పొట్లాలు కట్టి, ఒకటి తీయించి అడుగుదామని ఒకరు.

నాకు నవ్వొచ్చింది. మొదట వదిలినదానికే పట్టమైతే ఇక సామి చేసే పనేముంది? గేటు దగ్గర నిలబడినవాడే ఎంచేసినట్టు కదా. పోయినసారి ఎలా జరిగిందని తాతను అడిగాను. పాత ఎద్దుకు పోటీయే రాలేదట, అంతకుముందు పోటీ జరిగినప్పుడు తాను ఇంకా ఇళందారి అట, అంటే పెళ్లికాని కుర్రవాడు. వెనక నుంచి చూశాడట. ముందు వదిలినదానికే పట్టం వచ్చిందన్నంత వరకే గుర్తు. ఇంకెవరికీ అదీ గుర్తులేదు.

అప్పుడు చెరకు వచ్చింది. టౌన్ నుంచి ఒక మోపు గడలు, ఆకుతో సహా, ఆటోలో దించారు. చెరకు ఎందుకని అడిగితే, వాడుక అన్నారు. ఆ రోజు తొళువులో రెండు కుప్పలు పోస్తారట, వేర్ల వైపు ముక్కలు ఒక కుప్ప, ఆకుల వైపు ముక్కలు ఒక కుప్ప. రెండుగా ఎందుకు పోస్తారంటే దానికీ అదే జవాబు. ద్రాక్ష, అరటి, వరి పండే ఊరది. చెరకు వేసినవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.

చెరకు ఊళ్లో పుట్టినవాణ్ణి నేను. చిన్నప్పుడు గడ విరిచి పంచుకునేటప్పుడు మా ఇంట్లో రోజూ జరిగే యుద్ధం ఒకటే. మొదలు నాకు, కొస నీకు. లావుగా, తియ్యగా, వేరు దగ్గర ఉండేది మొదలు. చప్పగా ఆకు దగ్గర ఉండేది కొస. నరికిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని, "తాతా, మా ఊళ్లో మొదలంటే ఇది," అన్నాను.

తాత నా వైపు చూశాడు, ముక్క వైపు చూశాడు. పెదవులు కదిపి పాతమాటను లోపలే ఒకసారి చెప్పుకున్నాడు. మొదలు విడిచిన ఎద్దు. మనం మొదట విడిచిన ఎద్దు కాదు. మొదలును తానే విడిచిపెట్టిన ఎద్దు. తియ్యటి కుప్పను మిగతావాటికి వదిలి, చప్పటిదాని దగ్గరకు పోయినది.

"మొదల్‌నా ఫస్ట్ దానే సార్?" అన్నాడు గోవిందసామి, నిజంగానే అర్థం కాక. అతను చదివింది తమిళ బడిలో. అక్కడ ముదల్ అంటే మొదటిది, అంతే. ఊళ్లో అందరి చెవికీ అదే అర్థం పట్టేసింది.

కాసేపు గోల జరిగింది. వేరే ఊరి డాక్టరు మాటకు అర్థం మార్చేస్తాడా అని ఒకరిద్దరు అన్నారు. నేను అన్నదీ అదే, నా మాట పట్టుకోవద్దని. పెద్దగా కేక వేసింది తాతే. "తొళువు తడిక తీయండిరా! రెండునూ ఒకటిగా వదలండి. అన్ని ఆవులనూ వదలండి. ఏ అర్థమో సామే చెప్పనీ." రెంటినీ ఒకేసారి వదిలితే ఏది ముందన్న తగవు ఉండదు, పాతమాటకు రెండో అర్థం ఉందో లేదో కుప్పల దగ్గరే తేలిపోతుందని అతని లెక్క.

వదిలారు. కాంగేయం కోడె నడిచి వచ్చిన తీరు చూసి నేను కూడా ఫోను తీసి ఫొటో తీశాను. నేరుగా మొదలు కుప్ప దగ్గరకు వెళ్లి, కాళ్లు ఎడంగా పెట్టి, తినడం మొదలుపెట్టింది. ఆవులు దగ్గరకు రాబోతే కొమ్ములు ఇటూ అటూ విసిరింది. అవి వెనక్కి తగ్గాయి. జనం ఈలలు వేశారు. ఇక ఒంటికొమ్మోడు కూడా చేసింది అదే, వెళ్లి మొదలు కుప్పలో మూతి పెట్టి ఒక పెద్ద ముక్క నోట పట్టాడు. ఎర్రక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లవాడి దొంగబుద్ధి ఆమెకు తెలుసు. అబద్ధమెందుకు, ఆ కేరళ లారీ నా కళ్లముందు నిలబడింది.

వాడు ఆ ముక్క నములుతుండగా వెనక నుంచి నిండుచూలు ఆవు ఒకటి, దాని పక్కన రెండు దూడలు వచ్చి నిలబడ్డాయి. ఒంటికొమ్మోడు తల తిప్పి చూశాడు. తరువాత పక్కకు జరిగాడు. ఆవు మూతి పెట్టింది, దూడలు దూరాయి. వాడు తాపీగా వెళ్లి కొస కుప్ప దగ్గర ఆకులు పీక్కోవడం మొదలుపెట్టాడు.

"కొమ్ము లేదు, బయపడి పోయినాడు," అన్నారెవరో. ఆ అనుమానం నాకూ వచ్చింది. మందలో కొమ్ము బలాన్ని బట్టే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది నిర్ణయమవుతుందని మాకు కాలేజీలోనే చెబుతారు. బలం లేనిది తప్పుకోవడం మంచితనం కాదు, లెక్క. ఇంతకంటే చెప్పడానికి శాస్త్రం నాకు చాలలేదు.

అంతలో కాంగేయం కోడె ఆ ఆవు మీదికి తిరిగింది. కుప్ప అంతా తనదే అన్నట్టు కొమ్ము వంచి, చూలు కడుపు వైపు ఒక్క విసురు విసిరింది. తగల్లేదు. రెండో విసురు తగిలేది. కాని అప్పటికి మధ్యలో ఒంటికొమ్మోడు ఉన్నాడు. కొస కుప్ప దగ్గర నుంచి ఎప్పుడు కదిలాడో నేను చూడలేదు. పోట్లాడలేదు, తల కూడా వంచలేదు. ఆవుకూ కోడెకూ మధ్య అడ్డంగా, గోడ కట్టినట్టు నిలబడ్డాడు, అంతే. కాంగేయం కోడె డొక్కలో ఒకసారి పొడిచింది. కదల్లేదు. మళ్లీ పొడిచింది. ఒక కాలు జారి, సర్దుకుని, మళ్లీ అక్కడే నిలబడ్డాడు. వాడి వెనక ఆవూ దూడలూ తియ్యటి మొదళ్లన్నీ నమిలేస్తున్నాయి. చివరికి ఆ తెల్లకోడె విసుగెత్తి పక్కకు పోయింది. ఈలలు ఎప్పుడో ఆగిపోయాయి.

భయపడేవాడైతే రెండోసారి వచ్చేవాడు కాదు. తన నోటి ముక్క వదులుకున్నాడు, వాళ్ల నోటి ముక్క మాత్రం వదలనివ్వలేదు.

తాత ఎవరినీ అడగలేదు. పట్టు తలగుడ్డ పట్టుకుని తడిక దాటి లోపలికి పోయాడు. కొమ్ములు రెంటికీ కలిపి కట్టాలట అది. ఒక్క కొమ్ముకు కడితే జారి కంటి మీద పడింది, మళ్లీ కడితే మళ్లీ పడింది, మూడోసారికి ఒంటికొమ్మోడు దాని అంచు నమలడం మొదలుపెట్టాడు. ఊరంతా పగలబడి నవ్వింది. ఆఖరికి మెడకు కట్టారు. ఎర్రక్క నవ్వలేదు. తడిక పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను డొక్కలో గాయం చూసే వంకతో తల వంచుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. పక్కటెముక విరగలేదు, తోలు గీసుకుంది, మందు రాశాను.

గోవిందసామి నా పక్కన వచ్చి నిలబడ్డాడు. కోపం లేదు, తికమక ఉంది. "నేను చూడవలసిందంతా చూసే కొన్నాను సార్. సుడి చూసినాను, పల్లు చూసినాను. లోపలికి ఎట్ల చూసేది?"

తాతకు వినబడింది. "దానికే కదరా మేము సామిని పెట్టుకున్నాము," అన్నాడు.

కాంగేయం కోడె తప్పేమీ లేదని గోవిందసామికి చెప్పాను. దాన్ని దూడప్పటి నుంచి ఒంటరిగా కట్టి, దాని తొట్టిలో దానికే వేసి పెంచారు. పక్కన ఇంకొక ఆకలి ఉంటుందని దానికి ఎవరూ నేర్పలేదు. అతను ఆ మాట విని ఏదో ఆలోచనలో పడ్డాడు. కోడెను తిరుప్పూరుకు తీసుకుపోయాడు. ఫ్లెక్సీ మాత్రం గాలికి చిరిగేదాకా మలుపులోనే ఉంది.

నేను అక్కడున్నంత కాలం ఆ మంద ఒంటికొమ్మోడి వెనకాలే రోడ్డు దాటేది. చివరి దూడ దాటేదాకా వాడు రోడ్డు మధ్యలో అడ్డంగా నిలబడేవాడు. కేరళ లారీలు హారన్ కొట్టి, కొట్టి, ఇంజను ఆపుకునేవి.

ఆనాడు ఎంచింది సామియా, ఎద్దు స్వభావమా అన్నది నేను తేల్చలేను. నా ధ్రువపత్రంలో ఆ గడి లేదు. కాని ఉద్యోగం చివరి ఏళ్లలో నేనూ పై మెట్టెక్కాను. ఎవరిని ఏ ఆసుపత్రికి పెద్దగా వేయాలో చెప్పే కమిటీల్లో కూర్చోవలసి వచ్చింది. నిలువెత్తు మనుషులు, ఇస్త్రీ చొక్కాలు, గలగలా మాట్లాడే నోళ్లు చాలా వచ్చాయి. వాళ్లు చెప్పేది విన్నాను, మార్కులు వేశాను. కాని ఆ మనిషి కింద ఇంతవరకు పనిచేసిన అటెండరును విడిగా పిలిచి ఒక ప్రశ్న అడగకుండా ఎవరి పేరూ పైకి పంపలేదు. మందు వచ్చినా, మంచి మాట వచ్చినా, సెలవు వచ్చినా, ఈయన ముందు ఎవరికి ఇస్తాడు? ఎవరిలో పెద్దరికం ఉందో తెలియాలంటే తియ్యటిది ఒకటి వాళ్ల ముందు పెట్టి, ఆకలితో ఉన్నవాళ్లను వాళ్ల వెనక నిలబెట్టి చూడాలి. సర్వీసు మొత్తంలో ఇంతకంటే నమ్మదగిన పరీక్ష నాకు దొరకలేదు.